నెట్ ఆపిన కాగితం ఎక్కడ?

పోయినవారం ఆఫీసు క్యాంటీన్‌లో చిన్న వాదన జరిగింది. కొత్తగా చేరిన కుర్రాడొకడు, "ఇంటర్నెట్ మన ప్రాథమిక హక్కు అక్కా, సుప్రీంకోర్టే చెప్పేసింది" అన్నాడు. అలా అని చెప్పలేదురా అన్నాను. వెంటనే ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన ఒక ఫొటో చూపించాడు. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, పసుపు అక్షరాలు, కింద త్రాసు బొమ్మ. సాంబారు చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఆఖరికి వాడు, "అయినా హైదరాబాద్‌లో కూర్చుని నీకెందుకక్కా ఈ పట్టింపు? ఇక్కడ నెట్ ఎప్పుడు పోయింది గనక?" అన్నాడు.

నాది కోనసీమ. నాకు పోయింది.

2022 మే నెల. కోవిడ్ సద్దుమణిగినా మా కంపెనీ ఇంకా ఇంటి నుంచే పని చేసుకోమంటోంది. నాకూ అదే హాయిగా ఉంది. ముమ్మిడివరం దగ్గర మా ఊరు. హాస్టల్ డబ్బులు మిగులు, అమ్మ వంట, మధ్యాహ్నం ముంజలు. వీధిలో ప్రతి ఇంట్లోనూ ఆవకాయ పెట్టే రోజులు. ఫైబర్ తీగ మా వీధి దాకా రాలేదు. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని అమెరికా క్లయింట్‌కి పని చేసేదాన్ని.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. మే 24న అమలాపురంలో దానికి వ్యతిరేకంగా మొదలైన ఆందోళన చూస్తుండగానే హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. బస్సులు తగలబెట్టారు. అంబేడ్కర్ పేరు పెడితే ఇళ్ళు తగలబెట్టేంత కోపం ఎందుకొచ్చిందో రాయాలంటే ఇంకో వారం కావాలి. రాస్తాను కూడా. ఈ వారం మాత్రం నెట్ సంగతే.

మర్నాడు పొద్దున లేచేసరికి డేటా లేదు. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీశాను. సిమ్ తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను (ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నా సరే, ముందు చేసేది ఇదే). రీచార్జ్ అయిపోయిందేమో అనుకున్నాను. ఫోన్ కాల్ మాత్రం వెళ్తోంది. ముగ్గురికి చేశాక తెలిసింది, ఎవరికీ లేదని. బెంగళూరులో ఉన్న మా మేనేజర్‌కి కాల్ చేసి చెప్తే ఆయన నమ్మలేదు. "జిల్లా మొత్తానికి నెట్ పోవడమేంటి? తుఫాను గానీ వచ్చిందా?" అన్నాడు. లేదండీ, ఆపేశారు అంటే అవతల కాసేపు చప్పుడు లేదు.

నెట్ ఆపడమంటే ఎవరో ఒక పెద్ద స్విచ్ కట్టేస్తారని అనుకునేదాన్ని నేను. అలా ఉండదు. ఫలానా ప్రాంతంలో ఇంటర్నెట్ నిలిపివేయాలని ప్రభుత్వం నుంచి టెలికాం కంపెనీలకు ఉత్తర్వు వెళ్తుంది. ఆ ప్రాంతంలోని టవర్ల జాబితా చూసుకుని, వాటి మీద డేటా సేవ ఆపేస్తారు. టవర్ పనిచేస్తూనే ఉంటుంది. కాల్స్ వెళ్తాయి, ఎస్ఎమ్ఎస్‌లు వస్తాయి. అందుకే ఆ రోజుల్లో ఓటీపీ టింగుమని వచ్చేది, దాన్ని కొట్టాల్సిన పేజీ మాత్రం తెరుచుకునేది కాదు.

ఇంకోటేంటంటే, జిల్లా సరిహద్దు కాగితం మీద ఉంటుంది గానీ సిగ్నల్‌కి తెలీదు. మాకు ఒకవైపు గౌతమీ గోదావరి. దాని మీద ఎదుర్లంక వారధి. వారధి దాటితే యానాం. అది పుదుచ్చేరిలో భాగం, మన రాష్ట్రమే కాదు. శుక్రవారం నాన్న బండి మీద వారధి మధ్య దాకా వెళ్ళామో లేదో, నా ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌ని పట్టుకుని గిలగిలా కొట్టుకుంది. మూడు రోజుల మెసేజులు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

మేమే కాదు, అప్పటికే అక్కడ జాతర. వంతెన రెయిలింగ్ పక్కన బైకులు, బైకు సీట్ల మీద ల్యాప్‌టాప్‌లు. ఒకబ్బాయి గొడుగు పట్టుకుని, ఆ గొడుగు కిందే క్లయింట్‌కి స్క్రీన్ షేర్ చేసి ఏదో వివరిస్తున్నాడు. వెనక నుంచి లారీ హారన్. యానాం ఒడ్డున టీ కొట్టాయన ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ బయటికి లాగి ఛార్జింగుకి గంటకి ఇరవై తీసుకుంటున్నాడు. "ఏమండీ, ఇరవయ్యా?" అంటే, "ఆయ్, కరెంటు బిల్లు ఎవరు కడతారండీ" అన్నాడు. నవ్వుకున్నాం. ఈ ఫొటోలు తర్వాత చాలామంది షేర్ చేశారు, కింద నవ్వే ఎమోజీలు పెట్టి. వారధి మీదికి ఎవరు రాగలిగారో వాళ్ళ ఫొటోలే అవి.

మా పక్కింట్లో పిన్ని ఉంటుంది. సొంత పిన్ని కాదు, వరస కలిపి పిలుస్తాం. సెంటర్‌లో టిఫిన్ బండి. ఇడ్లీ, పెసరట్టు. బండి ముందు క్యూఆర్ కోడ్ బొమ్మ అట్టకి అంటించి ఉంటుంది. చిల్లర గొడవ లేదని ఆవిడకి అదంటే మహా ఇష్టం. నెట్ పోయిన రెండో రోజుకే బేరం సగానికి పడిపోయింది. జేబులో నోట్లు పెట్టుకుని తిరగడం కుర్రాళ్ళు ఎప్పుడో మానేశారు కదా. ఖాతా రాసుకోమన్నారు. పిన్ని పాత క్యాలెండర్ వెనక రాసుకుంది. డేటా లేకుండా కూడా యూపీఐ పంపే దారి ఒకటుంది, *99# కొట్టి. మామూలు బటన్ ఫోన్లకోసం పెట్టింది. అది నాకు తెలుసు, ఒకసారి చేసి చూపించాను కూడా. కానీ వేడి పెనం ముందు నిలబడి ఒక్కో అంకె కొడుతూ అరవై రూపాయలు తీసుకునే ఓపిక ఎవరికుంటుంది? పిన్ని, "నువ్వు చెప్పేదానికంటే క్యాలెండరే నయమే" అంది. ఆవిడ మాటే నిజం.

పిన్ని కూతురు అప్పుడే డిగ్రీ పూర్తి చేసింది, బీఎస్సీ కంప్యూటర్స్. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కడెక్కడ ఖాళీ ఉందంటే అక్కడికల్లా అప్లై చేసింది. రెజ్యూమె నేనే దిద్దిపెట్టాను. శనివారం నేను ఒక్కదాన్నే స్కూటీ మీద వారధికి వెళ్ళాను. 144 సెక్షన్ ఉంది, అమ్మ గొణుగుతూనే ఉంది. వెనక సీటు ఖాళీ. ఆ పిల్లని పిలవాలని తట్టలేదు. నా గోల నాది, సోమవారానికి ఒక రిలీజ్ ఉంది. ఆదివారం పొద్దున తనే వచ్చి, "అక్కా, నేనూ రానా? ఒక్కసారి మెయిల్ చూసుకుని వచ్చేస్తా" అంది.

వారధి మీద బండి ఆపాను. తన ఫోన్‌కి సిగ్నల్ అందింది. నేను నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు తన నుంచి మాటే లేదు. తిరిగి చూస్తే ఫోన్ నాకిచ్చింది. గురువారం మధ్యాహ్నం వచ్చిన మెయిల్ అది. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష లింకు. నలభై ఎనిమిది గంటల్లో రాయాలి. శనివారం మధ్యాహ్నంతో గడువు అయిపోయింది. నేను ఖాళీ సీటుతో వారధి మీదికొచ్చింది శనివారం ఉదయం తొమ్మిదింటికి.

అక్కడే నిలబడి ఆ కంపెనీకి మెయిల్ రాశాం. మా జిల్లాలో ఇంటర్నెట్ నిలిపేశారు, అందుకే చూడలేకపోయాను, ఇంకో అవకాశం ఇవ్వండి అని. సోమవారం జవాబొచ్చింది. అది మంగళవారం వారధి మీద చూశాం. మర్యాదగానే ఉంది. మీ ప్రాంతంలో సేవలు నిలిపివేసినట్టు అధికారిక పత్రం ఏదైనా జత చేస్తే పరిశీలిస్తాం అన్నారు.

నాకది న్యాయమైన మాటే అనిపించింది. రోజూ వందమంది 'నెట్ లేదు' అని రాస్తుంటారు. ఏదో ఒక ఆధారం కావాలి కదా. ఉత్తర్వు లేకుండా నెట్ ఆగదు గనక దాని కాపీ ఉండితీరుతుంది అనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాను. సైట్ తర్వాత సైట్. పీడీఎఫ్‌లు, స్కాన్ చేసిన పేజీలు, ఏవేవో టెండర్లు. మూడు గంటలు వెతికాను. నేను రోజూ చేసే పనే వెతకడం, సర్వర్ లాగులు తవ్వి తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. నాకు దొరకలేదు. చివరికి ఒక పత్రిక వార్త స్క్రీన్‌షాట్ తీసి పంపాం. దానికి జవాబు రాలేదు. వారం దాటినా నెట్ కూడా రాలేదు.

క్యాంటీన్‌లో ఆ కుర్రాడికి చెప్పాలనుకున్నది ఇదే. వాడి ఫొటోలో ఉన్న తీర్పు సంగతి ఏంటంటే, అది అనూరాధా భసీన్ కేసు. ఆవిడ కాశ్మీర్ టైమ్స్ సంపాదకురాలు. 2019 ఆగస్టులో కాశ్మీర్‌లో ఫోన్లు, నెట్ అన్నీ ఆపేశాక శ్రీనగర్ ఎడిషన్ వేయలేక సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2020 జనవరి 10న తీర్పొచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్. తీర్పు రాసింది జస్టిస్ ఎన్.వి. రమణ, అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం ఆయన. పక్కన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిది మెదక్ ప్రాంతం. మూడో ఆయన జస్టిస్ బి.ఆర్. గవాయ్. ఇంటర్నెట్ వాడుకోవడం దానికదే ప్రాథమిక హక్కా అన్న ప్రశ్నని తమ ముందు ఎవరూ వాదించలేదని, దాని జోలికి వెళ్ళడం లేదని కోర్టు స్పష్టంగానే చెప్పింది. చెప్పింది ఇంకోటి. నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛ, నెట్ ద్వారా వృత్తి వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ, ఈ రెండింటికీ రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉందని. నిరవధికంగా ఆపడం కుదరదని. ఆపితే, ఆ ఉత్తర్వును ప్రచురించి తీరాలని.

ఆ ఆఖరిది ఫార్వర్డ్ ఫొటోల్లో ఉండదు. లాయర్ల తతంగంలా కనిపిస్తుంది. నాకు మాత్రం పిన్ని కూతురి మెయిల్‌కి జత చేయాల్సిన పీడీఎఫ్ అది. ఉత్తర్వు కనబడితేనే అది సబబా కాదా అని కోర్టుకెళ్ళి అడగగలం. అంతదూరం వెళ్ళని వాళ్ళకి కనీసం, 'నేను బద్ధకించలేదు, నా నెట్ ఆపారు' అని చూపించుకోవడానికి ఒక రసీదు.

(జిల్లాకి అంబేడ్కర్ పేరు మీద గొడవలో నెట్ పోతే, దాన్ని ప్రశ్నించడానికి మనకున్న దారి ఆయన డ్రాఫ్టింగ్ కమిటీ తయారుచేసిన రాజ్యాంగంలోనే ఉంది. ఈ ముక్క వారధి మీద నాన్న అన్నాడు, నాది కాదు.)

రూల్స్ లేక కాదు. 2017లోనే కేంద్రం నిబంధనలు పెట్టింది. ఎవరు పడితే వాళ్ళు ఆపడానికి లేదు. కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ హోం శాఖ కార్యదర్శి స్థాయిలో ఉత్తర్వు ఇవ్వాలి. కారణాలు రాయాలి. ఒక సమీక్షా కమిటీ అయిదు పనిదినాల్లో చూడాలి. 2020లో సవరించి ఒక ఉత్తర్వు 15 రోజులు దాటకూడదన్నారు. 2024 నవంబర్‌లో కొత్త టెలికాం చట్టం కింద మళ్ళీ రాసిన నిబంధనల్లో ఉత్తర్వును కారణాలతో సహా ప్రచురించాలని కూడా చేర్చారు. అంటే మాకు పోయిన రెండున్నరేళ్ళకి. మరి దేశంలో ఎక్కడెక్కడ ఎన్నిసార్లు ఆపారో లెక్క ఎవరి దగ్గరుంది? 2021 డిసెంబర్‌లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇదే అడిగి, కేంద్రంలో అలాంటి రికార్డే లేదని తేల్చి, ఒకటి పెట్టమని సిఫారసు చేసింది. అందుకే మనకు తెలిసే అంకెలన్నీ బయటి సంస్థలు వార్తలు ఏరి లెక్కపెట్టినవి. యాక్సెస్ నౌ లెక్కలో 2022లో మన దేశంలో 84 సార్లు, 2023లో 116 సార్లు. 2018 నుంచి 2023 దాకా వరసగా ఆరేళ్ళు ప్రపంచంలో మనమే మొదటి స్థానం. 2024లో మయన్మార్ 85, మనం 84. ఒక్క అంకె తేడాతో రెండో స్థానానికి వచ్చాం.

అన్నీ అల్లర్ల వల్లే కూడా కాదు. 2021 సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లో టీచర్ల అర్హత పరీక్షలో కాపీ కొట్టకుండా జిల్లాలకు జిల్లాలు నెట్ ఆపారు. పరీక్ష రాయని వాడి కూరగాయల బండి క్యూఆర్ కోడ్ కూడా దాంతోపాటే ఆగింది.

"మరి అల్లర్లప్పుడు ఏం చేయమంటావు? పుకార్లతో ఊళ్ళు తగలబడనివ్వాలా?" అని మీరడగొచ్చు. నాన్న కూడా అడిగాడు. మే 24 సాయంత్రం మా ఇంట్లో అందరం భయపడ్డాం, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎవరెవరినో కొట్టారని, ఎక్కడో గుంపులు బయల్దేరాయని నిజం, అబద్ధం కలిసిపోయిన వాయిస్ మెసేజులు ఒక గంటలో పది వచ్చాయి. మొదటి రాత్రి ఆపితే నేను అర్థం చేసుకుంటాను. కానీ మూడో రోజు నుంచి మాకు పుకార్లు ఆగలేదు, ఫోన్ కాల్స్‌లో రావడం మొదలైంది. ఆగింది, అది అబద్ధమని చెప్పే దారి. అమలాపురంలో ఏం జరుగుతోందో పోలీసులు ఒక పోస్టు పెట్టినా మాకు కనిపించదు కదా.

పైగా దెబ్బ అందరికీ సమానంగా తగలదు. మన దేశంలో ఇంటర్నెట్ వాడేవాళ్ళలో నూటికి 95 మందికి పైగా వైర్‌లెస్ మీదే ఉన్నారు, ఎక్కువమందికి చేతిలో ఉన్న ఫోనే. ఇంటికి ఫైబర్, ఆఫీసుకి ఇంకో లైను ఉన్నవాళ్ళు ఒకటి పోతే ఇంకోటి వాడతారు. ఒక్క సిమ్ మీద బతికేవాళ్ళకి రెండోది లేదు. అదే సమయంలో ఒక్కొక్కటిగా అన్నీ నెట్ మీదికే ఎక్కిస్తున్నాం. రేషన్ దగ్గర ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర పడాలంటే సిగ్నల్ కావాలి. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ కూలీల హాజరు యాప్‌లో ఫొటో తీసి ఎక్కించాల్సిందే. నెట్ తప్పనిసరి అని చెప్పేది ఒక చెయ్యి, నెట్ ఆపేది ఇంకో చెయ్యి. రెండూ ఒకే మనిషివి.

కేరళలో ఒక డిగ్రీ అమ్మాయి ఉంది, ఫహీమా షిరీన్. హాస్టల్‌లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ వాడకూడదన్న రూల్ ఒప్పుకోనందుకు బయటికి పంపేస్తే హైకోర్టుకు వెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగమేనని 2019 సెప్టెంబర్‌లో ఆ కోర్టు చెప్పింది. మా క్యాంటీన్ కుర్రాడు ఫార్వర్డ్ చేయాల్సింది నిజానికి ఈ తీర్పు. రోజుకి నాలుగు గంటలు ఆపినందుకే ఒక కోర్టు అలా అంది.

నేను కోరుకునేది చిన్నది. ఎలా చేయాలో కూడా చెప్తాను, ఇది నా ఫీల్డ్ కాబట్టి. నెట్ ఆపినా ఎస్ఎమ్ఎస్ వస్తుంది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్దగా మోగి, అత్యవసర హెచ్చరిక పరీక్ష అని స్క్రీన్ మీద వచ్చింది, గుర్తుందా? మీటింగుల్లో అందరం ఉలిక్కిపడ్డాం. అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఒక టవర్ కింద ఉన్న ప్రతి ఫోన్‌కి ఒకేసారి సందేశం పంపే పద్ధతి. డేటా అక్కర్లేదు. నెట్ ఆపే టవర్ల జాబితా చేతిలో ఉన్నప్పుడు అదే జాబితాకి రెండు లైన్లు పంపడానికి ఏం కష్టం? ఉత్తర్వు నంబరు, ఏ కారణంతో, ఎక్కడెక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా. తెలుగులో. ఆ మెసేజ్ ఫోన్‌లో ఉండుంటే దాని స్క్రీన్‌షాటే ఆ కంపెనీ అడిగిన అధికారిక పత్రం అయ్యేది.

పిన్ని కూతురు ఇప్పుడు యానాంలో ఒక షాపులో అకౌంట్లు చూస్తోంది. రోజూ అదే వారధి మీద వెళ్ళొస్తుంది. మొన్న సంక్రాంతికి కలిసినప్పుడు, "ఆ మెయిల్ ఇంకా తీసేయలేదక్కా, ఎందుకో మరి" అంది. ఆ ఉత్తర్వు కాపీ కోసం ఆర్టీఐ వేస్తానని అప్పుడే, 2022లోనే, తనకి మాటిచ్చాను. వేయలేదు. నెట్ వచ్చాక అందరిలాగే మర్చిపోయాను. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు, అంతే పని. క్యాంటీన్ కుర్రాడు ఆ మాట విని, "ముందు అది వెయ్యక్కా, తర్వాత నాతో వాదిద్దువు గాని" అన్నాడు. నిన్న రాత్రి అప్లికేషన్ టైప్ చేశాను. సోమవారం పోస్టులో వేస్తున్నాను. ఇస్తారో, ఏదో సెక్షన్ చెప్పి కుదరదంటారో. జవాబు రాగానే ఇక్కడే చెప్తాను.